సంచులు కడిగిన నీళ్ళు

"ఆ పెట్టె కింద పెట్టు" అన్నాడు తమ్ముడు.

"పెట్టను. జిప్పు పడటం లేదు. చేతనైతే ఓ చెయ్యి వెయ్యండి, లేదంటే అడ్డు తప్పుకోండి" అంది మరదలు.

పెద్దాయన వంటగది గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. చేతులు ఉల్లిపాయల మీద, చెవులు మధ్యగదిలో పోట్లాడుకుంటున్న తమ్ముడి మీదా మరదలి మీదా. ఆయన భార్య పొయ్యి దగ్గర నిలబడి ఏమీ వినపడనట్టు గరిటె తిప్పుతోంది. ఆ ఇంట్లో గోడలు పేరుకే గోడలు. ఒక గదిలో ఆవులిస్తే ఇంకో గదిలో నిద్రొస్తుంది.

"నేనన్న దాంట్లో తప్పేముంది?" తమ్ముడి గొంతు. "ఆ జెల్లు ఏడుసార్లు చేశారట ఉత్తరం రాసినవాళ్ళు. ఏడుసార్లూ నీళ్ళలాగే ఉందట. పోనీ, వాళ్ళకి చేతకాలేదనుకుందాం. పోయినవారం నేనే చేశాను. నా చేతుల్తో, రెండుసార్లు. పేరుకుందా?"

"లేదు."

"నీ దగ్గర మాత్రం రెండేళ్ళుగా పేరుకుంటూనే ఉంది. ప్రతిసారీ అరగంటలో. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు."

"అంటే?"

"నేనేమీ అనడం లేదు."

"అనకుండానే పదిరోజుల్నించీ అంటున్నారు. అన్నం దగ్గర అనలేదు, కాఫీ దగ్గర అనలేదు. ఇవాళ నోరు తెరిచి అనండి. అంకెలు ఇంట్లో కూర్చుని వండావు అనండి."

వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది దగ్గి దగ్గి ఆగిపోయింది.

"అనలేరు" అంది మరదలు. "ఆ పేపరు మీద మొదటి పేరు నాదైనా బాధ్యత మోసే చివరి పేరు మీది కదా."

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే పరిశోధనశాల. తమ్ముడు దానికి పెద్ద, ఆమె కొలతలు తీసే మనిషి. పాల నుంచి తీసిన ఒక ప్రొటీనూ, సముద్రపు నాచు జిగురూ కలిపి వాళ్ళు ఒక ద్రవం చేశారు. చల్లగా ఉన్నంతసేపు నూనెలా జారుతుంది. ఒంటివేడి తగిలిందా, అరగంటలో జెల్లై కూర్చుంటుంది. కాలిన గాయం మీద పోస్తే రెండో చర్మంలా పట్టుకుంటుందని రాశారు. ఆ రాసింది అచ్చై నాలుగు దేశాలు తిరిగింది. ఇప్పుడు ఇంకోచోట ఎవరో చేసి చూసి, పేరుకోలేదు మొర్రో అని ఉత్తరం రాశారు. మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారు, కళ్ళారా చూడటానికి.

"బావగారు లేరు ఆ వారం" అంది మరదలు ఉన్నట్టుండి.

"ఏ వారం?"

"మీరు చేసిన వారం. ఆయన జ్వరమొచ్చి పడుకున్నారు. సంచులు మీరే కడిగారు. రెండేళ్ళలో మారింది అదొక్కటే."

"మధ్యలో అన్నయ్యనెందుకు లాగుతావ్? ఆయన నీళ్ళు మారుస్తాడు. అంతే. నీళ్ళు మార్చడానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

పెద్దాయన చేతిలో కత్తి ఆగింది.

అంతేనట.

తమ్ముడు సభల్లో మాట్లాడేటప్పుడు 'నా కోసం మా అన్నయ్య ఎనిమిదో తరగతిలో చదువు మానేశాడు' అంటాడు. జనం చప్పట్లు కొడతారు. నిజానికి పెద్దాయన లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక మానేశాడు. త్యాగం లేదు, గీగం లేదు. అయినా ఏ సభలోనూ లేచి ఆ మాట దిద్దలేదు. చప్పట్లు ఎవరికి చేదు?

ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఆ పరిశోధనశాలలో సీసాలు కడుగుతున్నాడు. అక్కడందరికీ 'సీసాలాయన'. ఈమధ్య సంచుల పని కూడా వచ్చిపడింది. దాని పేరు డయాలసిస్. పక్కింటివాళ్ళు 'ఏం పని చేస్తారండీ' అంటే 'డయాలసిస్' అంటాడు. కిడ్నీల వైద్యుడనుకుని ఒకామె ఆయనకి తన రిపోర్టులు కూడా చూపించింది.

పని చూస్తే ఇంతే. ప్రొటీన్ ద్రవాన్ని పల్చటి పొరసంచుల్లో పోసి, రెండు కొసలూ ముడేసి, తొట్టెడు నీళ్ళలో రెండ్రోజులు వేలాడదీయాలి. ఉప్పులూ గిప్పులూ చిన్నవి గనక పొరలోంచి బయటికి జారిపోతాయి. ప్రొటీన్ పెద్దది, సంచిలోనే ఉండిపోతుంది. తొట్టిలో నీళ్ళు ఆరుసార్లు మార్చాలి.

"ఏమండీ!" భార్య పొయ్యి దగ్గర్నించి కేకేసింది. "ఈ శనగ గింజలు ఏ నీళ్ళలో పడేశారు?"

"కుళాయి నీళ్ళలో."

"నా రాత! డబ్బా నీళ్ళు పొయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి? గంటన్నర నుంచి ఉడుకుతున్నాయి. తుపాకీలో పెట్టి పేల్చుకోవచ్చు, అలా ఉన్నాయి. ఆ నీళ్ళలో ఉన్నదేదో గింజని పట్టుకుని వదిలి చావదు, మెత్తబడనివ్వదు. పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాను నేను. ఇంటి నిండా సైంటిస్టులే, ఒక్కడికీ తెలీదు!"

పెద్దాయన లేచి వచ్చి గిన్నెలోకి చూశాడు. నీటి గీత వెంబడి తెల్లటి ఉప్పు పెచ్చు. ఈ కుళాయికీ, పరిశోధనశాల సింకు మీద కుళాయికీ నీళ్ళు ఒకటే భూమిలోంచి వస్తాయి. ఆ సింకు చుట్టూ ఇదే తెల్లపెచ్చు. వారంవారం గీకేది తనే.

ఆయన గిన్నె పక్కనే నిలబడిపోయాడు.

డిస్టిల్డ్ వాటర్ మిషను ముసలిది. తొట్టి నిండాలంటే రెండు గంటలు. 'ఆ నీళ్ళు బంగారం అన్నయ్యా, ముందు కుళాయి నీళ్ళతో కడిగేసి, చివర్లో మాత్రం ఇవి తిప్పు' అని తమ్ముడే చెప్పాడు ఒకప్పుడు. చెప్పింది సీసాల గురించి. పెద్దాయన ఆ మాటని సంచులకీ పట్టించాడు. ఐదుసార్లు కుళాయి నీళ్ళు, ఆరోసారి మంచివి. చివరి నీళ్ళు మంచివైతే చాలదూ? అంట్లు తోమే ఎవరినైనా అడగండి.

పని రాసే పుస్తకంలో మాత్రం 'నీళ్ళు ఆరుసార్లు మార్చాను' అని రాశాడు. అబద్ధం కాదు. ఏ నీళ్ళని ఎవరూ అడగలేదు. ప్రతిసారీ దాని కింద మరదలు సంతకం పెట్టింది.

"ఏమైంది, అలా కొయ్యబారిపోయారు?" అంది భార్య.

గొంతు తగ్గించి చెప్పాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి, పొయ్యి మంట తగ్గించి, వంటగది తలుపు దగ్గరికి వేసింది.

"మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"లేదు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరేమిటి, పిలిచి మరీ వడ్డిస్తానంటున్నారు?"

"ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోందే."

"వాళ్ళు మొగుడూ పెళ్ళాలు. పొద్దున తిట్టుకుంటారు, సాయంత్రం కలుస్తారు. మీ ఉద్యోగం పోతే సాయంత్రానికి తిరిగొస్తుందా? ఏడాదిన్నర కళ్ళు మూసుకుంటే గౌరవంగా రిటైరవుతారు. ఇప్పుడెళ్ళి 'అంతా నేనే పాడుచేశాను' అంటే, ఇన్నాళ్ళ చాకిరీకీ ఆ ఒక్క పేరే మిగులుతుంది."

ఆవిడ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది.

"లేకపోతే సరదాగా ఉందా? నీళ్ళు మారుస్తాడు అంతే అన్నవాడికి, అంత కాదురా అని చూపించాలని?"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. ఎందుకంటే భయం కింద, ఎక్కడో అడుగున, నిజంగానే ఒక చిన్న సంతోషం ఉంది. రెండేళ్ళుగా ఆ జెల్లు పేరుకుందంటే తన చేతి మీదుగా పేరుకుంది. ఆ సంతోషానికి ఆయనకే సిగ్గేసింది.

"అదీ ఉంది. అదొక్కటే కాదు" అని తలుపు తీసుకుని మేడ మీదికి వెళ్ళాడు.

తమ్ముడు నీళ్ళట్యాంకు పక్కన పిట్టగోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఒరే, ఒక మాట."

"ఇప్పుడు కాదన్నయ్యా."

"ఇప్పుడే. నేను సంచులు కడిగేది కుళాయి నీళ్ళతో."

"సీసాలు కదా?"

"సంచులు. ఐదుసార్లు కుళాయి నీళ్ళు, ఒకసారి మీ నీళ్ళు."

తమ్ముడు వెనక్కి తిరిగాడు. తిడతాడనుకున్నాడు పెద్దాయన. తిట్టలేదు. కళ్ళు ఎదురుగా ఉన్నదాన్ని చూడటం మానేసి ఎటో పోయాయి.

"గింజల్ని ఉడకనివ్వని నీళ్ళురా అవి. మీ వదిన అంటుంటే నాకు..."

"ఉండన్నయ్యా, ఉండు." వేళ్ళు గాలిలో ఆడుతున్నాయి. "కాల్షియం. నీళ్ళలో ఉండేది కాల్షియం. ప్రొటీన్ అంటే పొడుగాటి దారం, ఉండ చుట్టుకుని ఉంటుంది. ఆ ఉండకి ఒక జేబుంది. కాల్షియం వెళ్ళి అందులో కూర్చుంటుంది. ఆరోసారి ఎంత మంచినీళ్ళతో కడిగినా రాదు. చల్లగా ఉన్నంతసేపు ఉండ బిగిసి ఉంటుంది, వదలదు. ఒంటివేడి తగిలితే దారం వదులై జేబు తెరుచుకుంటుంది. కాల్షియం బయటపడి, నాచు జిగురు గొలుసుల మధ్యకి దూరి, గొలుసుకి గొలుసుని కట్టేస్తుంది... అందుకా! దారం విప్పుకుని తనే అల్లుకుంటోందని రాశాం మేము. అల్లింది దారం కాదన్నయ్యా, దాని జేబులో ఉన్నది!"

ముఖం వెలిగిపోయింది. చేతులు వదిలి మొదటిసారి సైకిలు తొక్కిన రోజు వాడి ముఖం అలా ఉంది. ఒక్క క్షణం వాళ్ళిద్దరూ అన్నదమ్ములు.

తర్వాత ఆ వెలుగు ఆరిపోయింది.

"ఎవరికి చెప్పావ్?"

"మీ వదినకి."

"తనకి?"

"లేదు. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట. కిందికెళ్ళి చెప్పు. నువ్వు దొంగవి కాదు, నేనే తొందరపడ్డానని చెప్పు."

తమ్ముడు పిట్టగోడ మీది సున్నం గోటితో గీకుతూ నిలబడ్డాడు. కింద మరదలు బీరువా తలుపు వేసిన చప్పుడు పైకి వినిపించింది.

"మంగళవారానికి కావాలంటే సంచులు ఇవాళే తొట్టిలో పడాలి కదా" అన్నాడు చివరికి.

"అవును."

"నువ్వెళ్ళి పెట్టు. ఎప్పుడూ పెట్టినట్టే పెట్టు."

"ఎప్పుడూ పెట్టినట్టు అంటే?"

"ఎప్పుడూ పెట్టినట్టు అంటే ఎప్పుడూ పెట్టినట్టు. నేనింకేం అనలేదు."

"అప్పుడు పేరుకుంటుంది కదరా."

"పేరుకోవాలి కదా."

"మరి అమ్మాయి?"

"పేరుకుంటే తన తప్పు లేదని తేలినట్టే. వచ్చినవాళ్ళే చూస్తారు. నేను వేరే చెప్పేదేముంది? ఈ రెండ్రోజులూ పుట్టింట్లో ఉంటే తనకీ మనశ్శాంతి. బుధవారం నేనే వెళ్ళి తీసుకొస్తాను." గొంతు మెత్తబడింది. "ఆ తర్వాత మెల్లగా, ఒక ఏడాది పోయాక, ఈ కాల్షియం సంగతి మనమే కనిపెట్టినట్టు ఇంకో పేపరు రాద్దాం. అందులో నీ పేరు వేస్తానన్నయ్యా. అచ్చులో."

ఆ మాట దగ్గర పెద్దాయన మెట్ల వైపు తిరగబోయి ఆగాడు. రేషన్ కార్డు మీద తప్ప ఆయన పేరు ఇంతవరకు ఎక్కడా అచ్చవలేదు.

ఔననలేదు, కాదనలేదు. మెట్లు దిగాడు. దిగాక కూడా ఔననలేదనే తనకి తాను చెప్పుకున్నాడు.

ఆదివారం కావడంతో పరిశోధనశాలలో పురుగు లేదు. కడిగే గదిలో స్టీలు సింకు, సింకు మీద కుళాయి, పక్కన గోడకి డిస్టిల్డ్ వాటర్ సన్నగొట్టం. పెద్దాయన పొరగొట్టాన్ని జానెడు జానెడు ముక్కలు కోసి నానబెట్టాడు. ఒక కొస ముడేసి, ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ద్రవం పోసి, గాలి పోయేదాకా వేళ్ళతో నొక్కి, రెండో కొస ముడేశాడు. పది సంచులు. ఒక్కటీ కారలేదు. ఆయన వేసిన ముడి ఎప్పుడూ కారలేదు. ఈ మాట ఏ పేపర్లోనూ రాయరు.

తొట్టి సింకులో పెట్టాడు. సన్నగొట్టం వంక చూశాడు. కుళాయి వంక చూశాడు.

కుళాయి తిప్పాడు.

తొట్టి సగం నిండేసరికి గుమ్మంలో పెట్టె చక్రాల చప్పుడైంది. మరదలు.

"మీరున్నారా బావగారూ? నా పుస్తకాలు రెండు ఇక్కడే ఉండిపోయాయి. రైలు ఒంటిగంటన్నరకి" అంది. కళ్ళు వాచి ఉన్నాయి. లోపలికొచ్చి సింకు దగ్గర ఆగింది. "తొట్టి కడుగుతున్నారా?"

ఆమెకి ఆయన మీద అనుమానం లేదు. ఊ అంటే చాలు, పుస్తకాలు తీసుకుని బండెక్కి పోతుంది. ఊ అనడానికి పెదాలు కూడా కదపక్కర్లేదు.

"లేదమ్మా" అన్నాడు. "నింపుతున్నాను."

కుళాయి పోస్తూనే ఉంది. మరదలు తొట్టిలోకి చూసింది, బల్ల మీద వరసగా ఉన్న సంచుల్ని చూసింది, గోడ మీద సన్నగొట్టాన్ని చూసింది. ఆమెకి విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. తమ్ముడి కంటే తొందరగా పట్టుకుంది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆమె ఎత్తుపీట లాక్కుని కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాని చప్పుడు ఒకటి వచ్చింది గొంతులోంచి.

"రెండేళ్ళు. ప్రతి పేజీ కిందా నా సంతకం. ప్రొటీన్ వంకర పోయిందా, జిగురు పాతదా, మిషను చెడిందా అని పదిరోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి నా మీద నాకే అనుమానం వచ్చింది బావగారూ. నిద్రలో లేచి అంకెలు మార్చానా ఏమిటి అనుకున్నాను."

"నన్ను తిట్టమ్మా. తిట్టు. నాకు బాగుంటుంది."

"మీకు బాగుండటానికి తిట్టను." కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి తెలుసా?"

పెద్దాయన కుళాయి కట్టేశాడు.

"పొద్దున చెప్పాను."

"పొద్దున ఎప్పుడు?"

"పదింటికి. మేడ మీద."

"పదింటికి." ఆమె ఆ మాటని నోట్లో వేసుకుని నమిలినట్టు అంది. "పదకొండింటికి ఆయనే నాకు ఆటో పిలిచారు. పెట్టె కిందికి దించారు. చేరాక ఫోన్ చెయ్యమన్నారు. జాగ్రత్త అన్నారు."

పెద్దాయన తల వంచుకున్నాడు. తమ్ముడి తరఫున చెప్పడానికి ఒక్క ముక్క వెతికాడు. ఇన్నేళ్ళలో అలాంటి ముక్కలకి ఎప్పుడూ కొదవ లేదు. ఇవాళ ఒక్కటీ చేతికి తగల్లేదు.

"ఎప్పుడూ పెట్టినట్టే పెట్టమన్నాడు" అన్నాడు. "తర్వాత పేపర్లో నా పేరు వేస్తానన్నాడు. నేను కాదనలేదమ్మా. అదీ నీకు తెలియాలి."

మరదలు ఆయన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. అందులో కోపం ఉందో జాలి ఉందో ఆయన తేల్చుకోలేకపోయాడు. తర్వాత లేచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"ఇంకో తొట్టి ఉందా?"

"బల్ల కింద పాతది ఉంది. అంచు పగిలింది."

"తియ్యండి. ఐదు సంచులు మీ నీళ్ళలో, ఐదు మా నీళ్ళలో. మంగళవారం వచ్చినవాళ్ళ ముందు రెండూ పెడదాం. ఒకటి పేరుకుంటుంది, ఒకటి పేరుకోదు. ఎందుకో నేను చెప్తాను."

"మీ పేపరు పోతుంది."

"పోతుంది."

"వాడు..."

"ఆయన సంగతి నాకొదిలెయ్యండి. మీ ఉద్యోగం కూడా పోవచ్చు బావగారూ. వద్దంటే ఇప్పుడే చెప్పండి. నా బండికి ఇంకా టైముంది. మిమ్మల్ని ఒక్క మాట అనను, ఎవరితోనూ చెప్పను. ఒట్టు."

ఆమె నిజంగానే ఆగింది. గడియారం వైపు కాదు, ఆయన వైపు చూస్తూ.

పెద్దాయనకి భార్య ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఏడాదిన్నర. మోకాళ్ళ మీద వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి, పాత తొట్టి బయటికి లాగాడు. దానిలో దుమ్మూ, చచ్చిన సాలీడూ.

"దీన్ని మాత్రం మంచినీళ్ళతోనే కడుగుతానులే" అన్నాడు.

మరదలు నవ్వింది. పదిరోజుల్లో ఆ నవ్వు చూడటం ఆయనకి అదే మొదలు.

సన్నగొట్టం కింద తొట్టి పెట్టారు. నీళ్ళు దారంలా దిగుతున్నాయి. ఆమె రెండు కాగితం ముక్కల మీద ఏ నీళ్ళు ఏవో రాసి తొట్లకి అంటించింది. పుస్తకం తెరిచి ఆయన ముందుకి జరిపింది. ఆయన కలం పట్టుకుని, ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయిన ఆ గుండ్రటి అక్షరాలతో, 'మొదటి తొట్టి కుళాయి నీళ్ళు' అని రాశాడు. రెండో వరస మొదలుపెట్టేలోగా వసారాలో చెప్పుల చప్పుడైంది.

తమ్ముడు. చేతిలో ఆమె మర్చిపోయిన కళ్ళజోడు డబ్బా ఉంది, స్టేషనులో ఇవ్వడానికి బయల్దేరి దారిలో ఆగినట్టున్నాడు. గుమ్మంలో పెట్టెని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, పలకరించలేదు. అతని కళ్ళు సింకు మీదికి వెళ్ళి, అక్కడి నుంచి గోడవారకి వెళ్ళి, కాగితం ముక్క దగ్గర ఆగాయి.

"అన్నయ్యా" అన్నాడు, చాలా మెల్లగా. "రెండో తొట్టి ఎందుకు?"

మరదలు నోరు తెరవబోయింది. పెద్దాయన తడిచెయ్యి ఎత్తి, "నేను చెప్తానమ్మా" అని ఆమెను ఆపాడు.